పాత డీజిల్ బండి పరీక్ష ఎక్కడ తప్పుతుంది?

పాత డీజిల్ కారు కొనేవాళ్లు మొదట అడిగేది లీటరుకు ఎంతిస్తుందని. ఆ తర్వాత రీడింగు ఎంత తిరిగిందని. మూడో ప్రశ్న చాలామందికి తట్టదు, అసలు అడగాల్సింది అదే: ఇన్నాళ్లూ ఈ బండి ఎలాంటి దారుల్లో తిరిగింది? గడువుకోసారి చేయించే ఫిట్‌నెస్ పరీక్షలో డీజిల్ బండి గట్టెక్కుతుందా లేదా అన్నది సగం ఆ జవాబులోనే ఉంటుంది. హైవే మీద రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి నింపాదిగా పాసవుతుంది. అరవై వేలే తిరిగినా, రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండి పొగ దగ్గరే బోల్తా కొడుతుంది. డీజిల్ ఇంజిన్ వయసుతో చెడేదానికంటే వేడెక్కకుండా తిరగడంతో చెడేది ఎక్కువ.

పరీక్ష పేరూ గడువూ దేశాన్ని బట్టి మారతాయి. ఇంగ్లండులో కారుకు మూడేళ్లు నిండిన దగ్గర్నుంచి ఏటా ఎంఓటీ అనే తనిఖీ చేయించాలి. జర్మనీలో రెండేళ్లకోసారి. భారత్‌లో సొంత కారుకు పూర్తి ఫిట్‌నెస్ తనిఖీ పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటప్పుడు వస్తుంది గానీ, పొల్యూషన్ సర్టిఫికెట్టు మాత్రం గడువు తీరినప్పుడల్లా కొత్తది తెచ్చుకోవాల్సిందే. ఎక్కడైనా ఇన్‌స్పెక్టరు చూసేవి ఇంచుమించు అవే: లైట్లు, టైర్లు, బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, తుప్పు, లీకులు, పొగ. ఏదీ విప్పి చూడడు. కంటికి కనిపించింది, చేతికి ఆడింది, మీటరు మీద పడింది, అంతవరకే. అందుకే కాస్త ఓపికగా చూసుకుంటే ఫలితం వారం ముందే మనకూ తెలిసిపోతుంది.

ముందు డీజిల్‌తో సంబంధం లేనివాటి సంగతి. పరీక్ష తప్పే బండ్లలో పెద్ద వాటా వీటిదే, డీజిలైనా పెట్రోలైనా. వెలగని బ్రేక్ లైటు, పసుపు పట్టిన హెడ్‌లైటు అద్దం, అద్దాన్ని తుడవకుండా గీతలు గీసే వైపరు రబ్బరు, నీళ్లు చిమ్మని వాషరు, మోగని హారను. ఇవన్నీ ఇంటి ముందు పది నిమిషాల్లో చూసుకోదగ్గవి. గోడకు ఎదురుగా బండి నిలిపి లైట్లు ఒక్కొక్కటీ వేస్తే ఎవరి సాయమూ అక్కర్లేదు, గోడ మీదే కనిపిస్తుంది. టైరు గాడి లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మి.మీ. ఉండాలి. గాడుల అడుగున చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి, టైరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే.

ఇక్కడ డీజిల్ బండికి ఒక ప్రత్యేకత ఉంది. డీజిల్ ఇంజిన్‌లో గాలిని పదహారు వంతుల దాకా అదిమిపెట్టాలి కాబట్టి బ్లాకు, క్రాంకు దిట్టంగా పోస్తారు. అదే మోడల్ పెట్రోలు బండితో పోలిస్తే ముందు ఇరుసు మీద పదుల కిలోల బరువు అదనం. పైగా తక్కువ ఆర్‌పీఎంలోనే గట్టి లాగుడు. ఈ రెండూ కలిసి ముందు సస్పెన్షన్ని తినేస్తాయి. లోయర్ ఆర్మ్ వెనక బుష్షు, బాల్ జాయింటు, లింక్ రాడ్లు, ఇంజిన్ మౌంటింగులు ముందుగా పోయేవి అవే. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టైరు లోపలి అంచు మీద అరచేయి పెట్టి చూడండి. బయటి నుంచి కొత్తగా కనిపించే టైరు లోపలి అంచున నున్నగా, ఒక్కోసారి తీగలు తేలి ఉంటుంది. బుష్షు వదులై చక్రం ముందు అంచు కొద్దిగా బయటికి తెరుచుకుని నడుస్తోందని అర్థం. టైరు మార్చి బుష్షు వదిలేస్తే కొత్త టైరు కూడా కొన్ని నెలల్లో అదే దారి పడుతుంది.

ముందు స్ప్రింగులు మరో సంగతి. అడుగు చుట్టు తొట్టెలాంటి దాంట్లో కూర్చుని ఉంటుంది, అక్కడ నీరూ మట్టీ నిలిచి తుప్పు పడుతుంది. చివరి సగం చుట్టు విరిగిపోయినా బండి వంగదు, శబ్దం కూడా రాకపోవచ్చు. టార్చి వేసి స్ప్రింగు కింది కొస చూడాలి. కోసినట్టు చదునుగా, రంగుతో ఉంటే అది అసలు కొస. గరుకుగా, తుప్పు రంగులో ఉంటే విరిగిన కొస. విరిగిన స్ప్రింగుతో పాస్ చేయరు.

బ్రేకు పరీక్ష రోలర్ల మీద జరుగుతుంది. ఒకే ఇరుసు మీద ఎడమ చక్రం, కుడి చక్రం పట్టే బలాల్లో తేడా ఎంతో చూస్తారు. యూరప్ నియమాల్లో ఆ తేడా 30 శాతం దాటకూడదు. ఎడమ వైపు 2.4, కుడి వైపు 1.6 కిలోన్యూటన్లు వచ్చాయనుకోండి. తేడా 0.8, పెద్దదానితో భాగిస్తే 33 శాతం. తప్పినట్టే. పెడల్ తొక్కేవాళ్లకు ఈ తేడా తెలియను కూడా తెలియదు, ఎందుకంటే మనం మామూలుగా అంత గట్టిగా తొక్కం. కారణం చాలాసార్లు కాలిపర్ స్లైడ్ పిన్ను ఎండి పట్టేయడమే. ఊడదీసి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. హ్యాండ్ బ్రేకు బండి బరువులో కనీసం 16 శాతం పట్టాలి. ముందు బరువెక్కువైన బండిలో వెనక బ్రేకులకు పని తక్కువ, తక్కువ పనిలో డిస్కు తుప్పు పడుతుంది. పరీక్షకు వారం ముందు నుంచి ఖాళీ రోడ్డు చూసుకుని, వెనకెవరూ లేనప్పుడు నాలుగైదు సార్లు కాస్త గట్టిగా బ్రేకు వేస్తే పై పొర తుప్పు రాలిపోతుంది. లోతుగా గుంటలు పడ్డ డిస్కుకు మాత్రం ఇది వైద్యం కాదు.

ఇక అసలు డీజిల్ సంగతి, పొగ.

పొగ మీటరు పనిచేసే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. సైలెన్సరు గొట్టంలో ఒక పైపు దూరుస్తారు. పొగలో కొంత మీటరు గదిలోకి వెళ్తుంది. ఆ గదికి ఒక చివర దీపం, రెండో చివర కాంతిని కొలిచే కన్ను. పొగ ఎంత చిక్కగా ఉంటే అంత కాంతి ఆగిపోతుంది. ఆ చిక్కదనాన్ని కె విలువ అంటారు. బ్రిటన్‌లో 2008 జులైకి ముందు రోడ్డెక్కిన టర్బో డీజిల్‌కు 3.0, టర్బో లేనిదానికి 2.5, ఆ తర్వాత వచ్చినవాటికి 1.5, 2014 జనవరి నుంచి వచ్చినవాటికి 0.7 దాకా ఒప్పుకుంటారు. భారత్‌లో బీఎస్ 4, ఆపై బండ్లకు 1.62, అంతకు ముందువాటికి 2.45. కొన్ని మీటర్లు శాతాల్లో చూపిస్తాయి. 43 సెంటీమీటర్ల పొడవు పొగలోంచి వెళ్లిన కాంతిలో ఎంత ఆగిపోయిందన్నది ఆ శాతం. 1.62 అంటే 50 శాతం, 2.45 అంటే 65 శాతం, 0.7 అంటే సుమారు 26 శాతం. చేతిలో ఉన్న కాగితం ఏ లెక్కలో ఉందో చూడకుండా అంకెలు పోల్చుకుని కంగారుపడేవాళ్లు ఉంటారు.

కొలిచే పద్ధతి ఇలా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ కనీసం 80 డిగ్రీల వేడిలో ఉండాలి. డిప్‌స్టిక్ గొట్టంలోంచి వేడి కొలిచే తీగ దించి చూస్తారు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, గొట్టంలో పేరుకున్న మసి పోవడానికి మూడుసార్లు రేజ్ చేస్తారు. తర్వాత అసలు కొలత. ఐడిల్ నుంచి యాక్సిలరేటరును ఒక్క సెకనులోపు నేలకు ఆనేదాకా తొక్కి, ఇంజిన్ తన గరిష్ఠ వేగం అందుకునేదాకా పట్టి, వదలాలి. మళ్లీ ఐడిల్‌కు దిగి నిలకడ పడేదాకా ఆగాలి. ఇలా మూడుసార్లు తీసిన అంకెల సగటే ఫలితం. పెడల్‌ను మెల్లగా నొక్కితే పొగ తక్కువ చూపిస్తుందేమోనన్న ఆశ వద్దు, ఇంజిన్ వేగం ఎంతసేపట్లో ఎక్కిందో చూసి చెల్లదంటారు. చాలా కొత్త బండ్లు నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్‌ను రెండున్నర, మూడు వేల ఆర్‌పీఎం దాటనివ్వవు. అది లోపం కాదు, కంప్యూటరు పెట్టిన కట్టు.

ఇలా రేజ్ చేయడం ఇంజిన్‌కు చిన్న శిక్షేమీ కాదు. అందుకే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, టైమింగ్ బెల్టు. గడువు దాటిన బెల్టు రేజ్ చేసినప్పుడు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుకుంటాయి, ఇంజిన్ పోయినట్టే. బెల్టు ఎప్పుడు మార్చారో ఆధారం లేని పాత డీజిల్ కొన్నవాళ్లు పరీక్షకు తీసుకెళ్లే ముందే మార్పించాలి. రెండోది ఆయిల్ మట్టం. తక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎక్కువైనా ప్రమాదమేనని కొద్దిమందికే తెలుసు, ఆ సంగతి కింద వస్తుంది.

పొగ రంగు చూసి సగం రోగం పట్టొచ్చు. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకునే ఇరుక్కుని ఉండొచ్చు, ఇంజెక్టరు కారుతుండొచ్చు, గాలి కొలిచే సెన్సరు మురికిపట్టి ఉండొచ్చు. వీటిలో తక్కువ ఖర్చుతో పోయేదీ, ఎక్కువమంది చూడనిదీ టర్బో నుంచి దాని గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరుకూ, అక్కణ్నుంచి ఇంజిన్‌కూ వెళ్లే రబ్బరు హోస్ పైపు చీలడం. పైకి బాగానే కనిపిస్తుంది. క్లాంపు దగ్గర, వంపు అడుగున వేలు పెట్టి తడిమితే జిడ్డుగా తగులుతుంది. ఐడిల్‌లో చీలిక మూసుకుని ఉండి, టర్బో గాలి ఒత్తిడికి తెరుచుకుంటుంది. అందుకే బండి ఎక్కు ఎక్కేటప్పుడు బుస్సుమని శబ్దం, లాగుడు తగ్గడం, వెనక నల్లటి మేఘం, మూడూ కలిసి వస్తాయి. ఈ హోస్ చూడకుండా ఇంజెక్టర్లు విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

తెల్లపొగ చల్లటి ఇంజిన్‌లో పొద్దున కొద్దిసేపు వస్తే గ్లో ప్లగ్గు ఒకటి పోయి ఉంటుంది. నాలుగు సిలిండర్లలో మూడే ముందుగా వేడెక్కి, నాలుగోదాంట్లో డీజిల్ కాలకుండా ఆవిరిగా బయటికొస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీళ్లు తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాల్సిన విషయం. నీలిపొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది: టర్బో సీళ్లు, పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు. నీలిపొగ బండిని పరీక్ష కోసం తాత్కాలికంగా బాగుచేసే మార్గం నాకు తెలిసి లేదు.

2009, 2010 తర్వాతి డీజిల్ కార్లలో యూరప్‌లో దాదాపు అన్నిటికీ, భారత్‌లో బీఎస్ 6 నుంచీ డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు, ఉంటుంది. పాత డీజిల్ పరీక్ష కథ అంతా ఇప్పుడు దీని చుట్టూనే తిరుగుతోంది. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఇది. సన్నటి గొట్టాలు వేల కొద్దీ ఉంటాయి, ఒకటి ముందు మూసి వెనక తెరిచి, పక్కది వెనక మూసి ముందు తెరిచి. పొగ గోడల్లోంచి పాకి అవతలికి వెళ్లాలి, మసి గోడకు అంటుకుని ఆగిపోతుంది. ఆ మసిని అప్పుడప్పుడూ కాల్చేయాలి. హైవే మీద పొగ వేడి 250 నుంచి 400 డిగ్రీలు ఉంటే కొంత దానంతటదే కాలుతుంది. చాలనప్పుడు కంప్యూటరు సిలిండర్లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్మించి, ఫిల్టరును 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాలుస్తుంది. ఇందుకు పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో అంత సమయం ఎక్కడుంటుంది? సగంలో ఆపేస్తారు. మళ్లీ మొదలు, మళ్లీ ఆపడం.

ఆగిపోయిన ప్రతిసారీ అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండరు గోడ వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. చుక్క వేళ్ల మధ్య రాస్తే పల్చగా జారిపోతుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. మట్టం గరిష్ఠ గీత దాటితే ఆ ఆయిల్ బ్రీదరు గొట్టంలోంచి గాలి దారిలోకి ఎక్కొచ్చు. అప్పుడు ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది. పరీక్షలో గట్టిగా రేజ్ చేసే వేళ ఇది జరగకూడదు. పాత డీజిల్ చూడబోయినప్పుడు మొదట డిప్‌స్టిక్ లాగండి, గీత పైన ఉంటే అమ్మేవాళ్లు ఏం చెప్పినా అది ఊళ్లోనే తిరిగిన బండి అయ్యుండొచ్చు.

మసి వేరు, బూడిద వేరు. మసి కాలుతుంది. ఇంజిన్ ఆయిల్లోని లోహపు కలుపుల నుంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టరులో శాశ్వతంగా పేరుకుంటుంది. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేక ఆయిల్ పోయాలనేది ఇందుకే. మామూలు ఆయిల్ పోస్తూ వచ్చిన బండిలో ఎన్ని హైవే ప్రయాణాలు చేసినా ఫిల్టరు తేలికపడదు. మందు సీసాలు మసి కాలడానికి కొంత తోడ్పడతాయేమో గానీ బూడిద మీద పనిచేయవు. అప్పుడు ఫిల్టరు విప్పి బయట శుభ్రం చేయించడం, లేదా మార్చడం, రెండే దారులు.

డీపీఎఫ్ నిండిందని లైటు వెలిగిన వెంటనే ఫిల్టరును తిట్టుకోకూడదు. కాల్చే పని మొదలవకుండా అడ్డుపడేవి చాలా ఉన్నాయి. ట్యాంకులో డీజిల్ పావు వంతు కంటే తక్కువున్నా, ఈజీఆర్ లోపం కోడు పడినా, వేడి సెన్సరు చెడినా కంప్యూటరు కాల్చదు. నా లెక్కలో అన్నిటికంటే తరచుగా తప్పించుకుపోయే దొంగ థర్మోస్టాటు. అది తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ 65, 70 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. హీటరు గోరువెచ్చగా వస్తుంది, అంతకు మించి లక్షణం ఉండదు. ఇంజిన్ వేడెక్కలేదనుకుని కంప్యూటరు కాల్చే పని వాయిదా వేస్తూ పోతుంది. చవక థర్మోస్టాటు మార్చకుండా ఖరీదైన ఫిల్టరు మార్చినవాళ్లకు కొత్త ఫిల్టరు కూడా నిండిపోతుంది.

ఫిల్టరు ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచే సెన్సరుకు రెండు సన్న రబ్బరు గొట్టాలు వెళ్తాయి. అవి వేడికి ఎండి పగులుతాయి, ఒక్కోసారి ఊడి వేలాడుతుంటాయి. స్కానరు పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే ఒత్తిడి తేడా సున్నా చూపాలి. సున్నా చూపకపోతే సెన్సరే అబద్ధం చెబుతోంది. స్టార్ట్ చేశాక ఐడిల్‌లో కొద్ది మిల్లీబార్లే ఉండాలి, రేజ్ చేస్తే పెరిగి మళ్లీ దిగాలి. ఎంత రేజ్ చేసినా కదలకపోతే గొట్టం పగిలిందైనా అయ్యుండాలి, ఫిల్టరు లోపల దిమ్మ లేకపోయైనా ఉండాలి.

ఆ రెండోది తక్కువేం కాదు. ఫిల్టరు డబ్బా కోసి, లోపలి దిమ్మ పగలగొట్టి తీసేసి, మళ్లీ వెల్డింగు వేసి, కంప్యూటరులో ఫిల్టరు లెక్క చెరిపేసిన బండ్లు మార్కెట్లో తిరుగుతుంటాయి. పైన పటారం, లోన లొటారం. బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి ఫిల్టరు ఉండాల్సిన బండికి లేకపోతే పరీక్ష తప్పిస్తున్నారు. 2018 మే నుంచి, డీపీఎఫ్ ఉన్న బండి వెనక ఏ రంగు పొగ కంటికి కనిపించినా తప్పినట్టే. కనిపెట్టడానికి మీటరు కూడా అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు గొట్టం లోపల వేలు తిప్పి చూడండి. మంచి ఫిల్టరున్న బండిలో వేలికి పొడిగా, బూడిద రంగు దుమ్ము కాస్త అంటుతుంది. వేలు కాటుక పెట్టినట్టు నల్లబడితే ఫిల్టరు పగిలింది, లేదా లేదు. డబ్బా చుట్టూ ఫ్యాక్టరీ అతుకు కాకుండా మరో వెల్డింగు గీత ఉందేమో కూడా చూడాలి.

పొగ మీటరుకు ఒక బలహీనత ఉంది. అది పాత నల్లపొగ బండ్ల కోసం పుట్టింది. కొద్దిగా పగిలిన ఫిల్టరు నుంచి వచ్చే సూక్ష్మకణాలు దానికి ఆనవు, 0.7 పరిమితి ఉన్నా అలాంటి బండి పాసైపోతుంది. అందుకే బెల్జియం 2022 జులైలో, నెదర్లాండ్స్ 2023 జనవరిలో, జర్మనీ 2023 జులైలో కణాలను లెక్కపెట్టే యంత్రం తెచ్చాయి. రేజ్ చేసే పనే లేదు, ఐడిల్‌లో నిలబెట్టి ఘన సెంటీమీటరు పొగలో ఎన్ని కణాలున్నాయో లెక్కిస్తారు. జర్మనీలో యూరో 6 పొగ ప్రమాణం కింద వచ్చిన డీజిల్‌కు పరిమితి 2,50,000. బెల్జియంలో 10 లక్షల దాకా ఒప్పుకుంటారు. మంచి ఫిల్టరున్న బండి కొన్ని వేల దగ్గరే ఆగుతుంది, పగిలినది లక్షలు దాటిపోతుంది. మధ్యస్థం అరుదు, కాబట్టి ఈ పరీక్షలో అదృష్టానికి చోటు లేదు.

వార్నింగ్ లైట్ల విషయం పొట్టిగా చెప్పొచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఇంజిన్ లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరాలి. వెలిగే ఉంటే తప్పు. అసలు వెలగకపోయినా తప్పే, ఎవరో తీసేశారన్నమాట. ముందురోజు స్కానరుతో కోడ్లు చెరిపి తీసుకెళ్లే అలవాటు చాలామందిది. లోపం నిజమైతే కొద్ది దూరంలోనే మళ్లీ వెలుగుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం వాడే బండ్లలో ఇంకో తిరకాసు ఉంది: ఆ ద్రవం ట్యాంకు ఖాళీ అవుతుంటే ఇన్ని కిలోమీటర్ల తర్వాత స్టార్ట్ కాదని కౌంట్‌డౌన్ చూపిస్తుంది, సున్నాకు వచ్చి ఇంజిన్ ఆపితే నిజంగానే మళ్లీ స్టార్ట్ కాదు. పరీక్ష వరసలో ఆపాల్సి వస్తుందని గుర్తుంచుకోండి.

లీకులకు ఎంఓటీ పెట్టిన కొలత బాగుంటుంది. ఐదు నిమిషాల్లో నేల మీద 75 మి.మీ. కంటే వెడల్పు మడుగు కట్టేంత కారితే తప్పు. ఇంజిన్ కింద జిడ్డు చెమ్మ ఉంటే సాధారణంగా గట్టెక్కుతుంది. డీజిల్ లీకు మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. ఇంజెక్టర్ల తల నుంచి తిరిగి వెళ్లే సన్న గొట్టాల దగ్గర చిన్న రబ్బరు రింగులు గట్టిపడి కారుతుంటాయి. పొద్దున స్టార్ట్ కావడానికి రెండు మూడుసార్లు తిప్పాల్సి వస్తోందంటే, ఆ దారిన గాలి పీలుస్తోందేమో చూడాలి.

పరీక్ష రోజు చేయాల్సింది చాలా తక్కువ గానీ, చేయకపోతే నష్టం ఎక్కువ. ముందురోజే ట్యాంకు సగం పైన నింపండి. ఎయిర్ ఫిల్టరు నల్లబడి ఉంటే మార్చండి. ఆయిల్ గడువు దగ్గరపడితే ముందే మార్పించండి. కేంద్రానికి వెళ్లే దారిలో ఒక గేరు తక్కువలో, 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా నడపండి. ఇంజిన్ వేడి ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన చాలదు, అది నీళ్ల వేడి. ఆయిలూ, సైలెన్సరూ అందుకోవడానికి ఇంకో పది నిమిషాలు పడుతుంది. వరసలో గంటసేపు ఆపి కూర్చుంటే చేసిన పనంతా వృథా. వీలైనంతవరకు ముందుగా సమయం తీసుకుని, వెళ్లగానే లోపలికి తీసుకునేలా చూసుకోవడం మేలు. దారిలో ఐడిల్ మామూలు కంటే ఎక్కువగా ఉండి, ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే ఫిల్టరు మసి కాలుస్తోందన్నమాట. అది పూర్తయ్యేదాకా నడిపి, తర్వాత లోపలికి వెళ్లండి. కాలుస్తున్న సమయంలో కొలిస్తే అంకె నమ్మదగ్గది కాదు.

కొనేవాళ్లయితే పాత పరీక్ష కాగితాలు అడగాలి. బ్రిటన్‌లో నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులోనే పాత ఫలితాలన్నీ కనిపిస్తాయి. పాసా కాదా అని కాదు, ఏడాదికేడాది రీడింగు ఎంత పెరిగిందో చూడండి. డీజిల్ బండి ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగిందంటే మామూలుగా అది అమ్మేవాళ్లు గొప్పగా చెప్పుకునే విషయం. నేనైతే దాన్ని హెచ్చరికగా చూస్తాను. తర్వాత, పాస్ చేసినా సలహాగా రాసిన లోపం రెండు మూడేళ్లుగా అదే మాటలతో వస్తోందేమో చూడండి. ముందు బ్రేకు పైపుకు కొద్ది తుప్పు అని మూడేళ్లు రాసి ఉంటే, నాలుగో ఏడు మీ చేతిలో తప్పుతుంది.

క్లచ్చు, డ్యూయల్ మాస్ ఫ్లైవీలు, టర్బో షాఫ్టు ఆట, ఇంజెక్టర్ల ఆరోగ్యం, గేరుబాక్సు, ఇవేవీ ఈ పరీక్షలో చూడరు. నిన్న పాసైన కాగితం చూపించి అమ్మే బండికి రేపు ఫ్లైవీలు గలగలలాడొచ్చు. అందులో ఇన్‌స్పెక్టరు తప్పేమీ లేదు.

పొగ దగ్గర తప్పితే వెంటనే మెకానిక్ దగ్గరకు పరుగెత్తకుండా ముందు ప్రింటు చేతిలోకి తీసుకోండి. సగటు మాత్రమే కాదు, ఒక్కో రేజుకు వచ్చిన అంకె అందులో ఉంటుంది. 2.3, 1.7, 1.2 అని దిగుతూ వస్తే గొట్టంలో పేరుకున్న మసి ఊడిపోతోందన్నమాట. అరగంట గట్టిగా నడిపి మళ్లీ వెళ్తే చాలాసార్లు గట్టెక్కుతుంది. 2.1, 2.2, 2.1 అని నిలకడగా ఉంటే లోపం నిజమైనదే, ఎంత నడిపినా తగ్గదు, హోసు, ఈజీఆర్, ఇంజెక్టర్లు ఆ వరసలో చూడాలి. 1.2, 1.8, 2.4 అని ఎక్కుతూ పోతే ముందు మీటరు సున్నా చూపించి మళ్లీ కొలవమని అడగండి, దాని అద్దం మసిబారి ఉండొచ్చు. సున్నా సరిగ్గానే ఉండి, మళ్లీ అలాగే ఎక్కితే టర్బో గాలి పైపు విప్పి లోపల ఆయిల్ నిలిచిందేమో చూడాలి.